మెషిన్ లేవగానే ఏవి లేవాలి? తేల్చేదెవరు?

కంప్యూటర్ ఆన్ చేశాక లాగిన్ తెర వచ్చేలోపు, మనం అడగకుండానే పదుల కొద్దీ ప్రోగ్రాములు పని మొదలుపెడతాయి. గడియారం సరిచేసేది ఒకటి, నెట్‌వర్క్ కలిపేది ఒకటి, ప్రింటర్ కోసం కాచుకుని కూర్చునేది ఒకటి, దూరం నుంచి లాగిన్ అయ్యేవాళ్లను లోపలికి రానిచ్చేది ఒకటి. వీటినే సర్వీసులు అంటున్నాం. వీటిలో ఏది తనంతట తాను లేవాలి, ఏది పిలిస్తేనే రావాలి, ఏది అసలు రాకూడదు అన్నది చూడ్డానికి చిన్న సెట్టింగే. కానీ దాని వెనక నలభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. దాని మీద జరిగిన గొడవలో డెబియన్ వంటి పెద్ద స్వచ్ఛంద ప్రాజెక్టు నుంచి ఒక వర్గం విడిపోయి వేరు కుంపటి పెట్టుకుంది. అడగకుండా లేచిన సర్వీసుల వల్లే ఇంటర్నెట్‌లో పెద్ద పెద్ద వార్మ్‌లు పాకాయి.

చర్చ ఇంతగా చిక్కుపడటానికి కారణం, మూడు వేరు వేరు ప్రశ్నలను కలిపేసి వాదించుకోవడం. ఏది ముందు, ఏది తర్వాత అన్నది మొదటి ప్రశ్న. మొదలుపెట్టాక దాని బాగోగులు ఎవరు చూడాలన్నది రెండోది. అసలు మొదలవ్వాలా వద్దా అని చెప్పే హక్కు ఎవరిదన్నది మూడోది: మెషిన్ సొంతదారుదా, సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లదా, దాన్ని ప్యాకేజీ చేసి పంపిన లినక్స్ పంపిణీ (డిస్ట్రో)దా? మొదటి రెండింటికీ ఇంజనీర్లు మంచి జవాబులే కనుక్కున్నారు. వేడి అంతా వాటి చుట్టూనే పుట్టింది. మూడోది అతి ముఖ్యమైనదై ఉండి కూడా, చాలాచోట్ల ఎవరూ కూర్చుని తేల్చకుండానే ఏదో ఒక డిఫాల్ట్ రూపంలో స్థిరపడిపోయింది. ఆ మూడింటినీ విడదీసి చూస్తేనే ఎవరి వాదన ఎంతవరకు నిలుస్తుందో తెలుస్తుంది.

అంకెల కాలం

యూనిక్స్‌లో కెర్నల్ మొట్టమొదట మొదలుపెట్టే యూజర్ ప్రాసెస్ పేరు ఇనిట్. దాని నంబరు 1. మిగతావన్నీ దాని సంతానమే. మొదటి రోజుల్లో ఇనిట్ చేసే పని తక్కువ: ఈటీసీ డైరెక్టరీలో ఉన్న ఆర్‌సీ అనే షెల్ స్క్రిప్టును నడపడం, ఆపైన టెర్మినళ్ల దగ్గర లాగిన్ ప్రాంప్టు పెట్టడం. బూట్‌లో ఏదైనా సర్వీసు రావాలంటే ఆ స్క్రిప్టులో ఒక లైను రాయాలి. వద్దనుకుంటే ఆ లైను ముందు హాష్ గుర్తు పెట్టాలి. మెషిన్‌కి ఒక అడ్మిన్, ఆ అడ్మిన్ చేతిలో ఒక ఫైలు. ఆ రోజులకు అది సరిపోయింది. సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల రూపంలో వచ్చి పోవడం మొదలయ్యాక మాత్రం ఇబ్బంది ఎదురైంది. మనిషి చేత్తో దిద్దిన ఫైలులోకి ఒక ప్యాకేజీ చొరబడి సరైన చోట ఒక లైను చేర్చడం, తీసేటప్పుడు ఆ లైనునే జాగ్రత్తగా తొలగించడం నమ్మదగిన పని కాదు.

ఏటీ అండ్ టీ 1983లో విడుదల చేసిన సిస్టమ్ ఫైవ్ యూనిక్స్ పేరుతో నిలిచిపోయిన పద్ధతి ఈ చిక్కును తీర్చింది. ప్రతి సర్వీసుకూ ఒక స్క్రిప్టు. స్టార్ట్ అంటే మొదలుపెడుతుంది, స్టాప్ అంటే ఆపుతుంది. మెషిన్ ఏ స్థితిలో ఉండాలో చెప్పడానికి 0 నుంచి 6 వరకు రన్‌లెవల్స్. 0 అంటే ఆపేయడం, 1 అంటే మరమ్మతుల కోసం ఒకే యూజర్ స్థితి, 6 అంటే రీబూట్. మధ్యవాటిని ఒక్కో డిస్ట్రో ఒక్కోలా వాడుకుంది: రెడ్ హ్యాట్‌లో 3 అంటే నెట్‌వర్క్ ఉన్న మామూలు స్థితి, 5 అంటే గ్రాఫిక్స్ తెర. డెబియన్‌లో 2 నుంచి 5 వరకు అన్నీ ఒకటే. ఒక్కో రన్‌లెవల్‌కు ఒక డైరెక్టరీ, అందులో అసలు స్క్రిప్టులకు లింకులు. లింకు పేరు ఎస్ అక్షరంతో మొదలైతే ఆ సర్వీసును మొదలుపెట్టాలి, కే అక్షరంతో మొదలైతే ఆపాలి. పక్కనున్న రెండంకెల సంఖ్య వరుసను చెబుతుంది. రెడ్ హ్యాట్‌లో నెట్‌వర్క్‌ది 10, దూరం నుంచి లాగిన్‌ను రానిచ్చే ఎస్‌ఎస్‌హెచ్‌ది 55. నెట్‌వర్క్ వచ్చాకే ఎస్‌ఎస్‌హెచ్ వచ్చేది అలాగే.

ఈ ఏర్పాటులో ఉన్న ఒక గొప్పతనాన్ని తర్వాతి విమర్శకులు తరచు పక్కన పెట్టేశారు. బూట్‌లో ఏవి లేస్తాయో తెలుసుకోవడానికి ప్రత్యేకమైన టూల్ ఏదీ అక్కర్లేదు. ఒక డైరెక్టరీలో ఫైళ్ల పేర్లు చూస్తే చాలు. లోపం కూడా అక్కడే ఉంది. 55 అని ఉంటుంది కానీ 55 ఎందుకయిందో ఎక్కడా ఉండదు. ఈ సర్వీసుకు నెట్‌వర్క్ కావాలన్న సంగతి స్క్రిప్టు రాసినవారి తలలోనే ఉండిపోయింది. పైగా అంతా ఒకదాని వెనక ఒకటి జరగాలి. మధ్యలో ఒకటి కదలకపోతే దాని వెనకవన్నీ కాచుకోవాలి.

లింకులను చేత్తో పెట్టడం తప్పులకు దారి తీస్తుంది కాబట్టి దానికి టూల్స్ వచ్చాయి. ఐరిక్స్ అనే యూనిక్స్‌లోని చెక్‌కాన్ఫిగ్‌ను చూసి రెడ్ హ్యాట్ అదే పేరుతో ఒకటి చేసుకుంది. డెబియన్ అప్‌డేట్-ఆర్‌సీ-డాట్-డీ రాసుకుంది. ఈ రెండో దానిలో ఉన్న ఒక చిన్న నియమం మన మూడో ప్రశ్నకు నేరుగా తగులుతుంది. ఒక సర్వీసు బూట్‌లో వద్దనుకుని అడ్మిన్ దాని లింకులన్నీ తీసేశాడనుకోండి. ప్యాకేజీ అప్‌గ్రేడ్ అయినప్పుడు ఆ టూల్‌కు ఒక్క లింకూ కనబడదు, కొత్త ఇన్‌స్టలేషన్ అనుకుని అన్నిటినీ మళ్లీ పెట్టేస్తుంది. వద్దన్న సర్వీసు మళ్లీ లేస్తుంది. అలా కాకుండా ఉండాలంటే ఒక్క కే లింకయినా మిగల్చాలి. అది మాన్యువల్‌లో రాసే ఉంది, చదివినవాళ్లకు తెలుసు. అంటే ఏమీ లేకపోవడాన్ని సొంతదారు నిర్ణయంగా ఆ వ్యవస్థ గుర్తించలేదు. వద్దు అన్న మాటను కూడా ఎక్కడో ఒక చోట రాసిపెట్టాలన్నమాట.

బీఎస్‌డీ శాఖ ఈ విషయంలో మొదటినుంచీ సూటిగా ఉంది. ఫ్రీబీఎస్‌డీలో సిస్టమ్ తన డిఫాల్ట్‌లను ఒక ఫైలులో ఉంచుతుంది, సొంతదారు తనకు కావలసినవాటిని ఆర్‌సీ డాట్ కాన్ఫ్ అనే మరో ఫైలులో రాసుకుంటాడు. ఫలానా సర్వీసు ఎనేబుల్ సమానం యెస్ అని ఒక లైను రాస్తే సరి. బయటి నుంచి ఇన్‌స్టాల్ చేసుకున్న సర్వీసు ఆ లైను రాసేదాకా బూట్‌లో లేవదు. మెషిన్ మీద ఏవి నడవాలని సొంతదారు కోరాడో తెలియాలంటే ఒక ఫైలు తెరిచి చదివితే చాలు.

వరుస సమస్య ఎలా తీరింది

ఈ మొదటి ప్రశ్నకు జవాబు పెద్ద గొడవ లేకుండానే దొరికింది. ల్యూక్ మ్యూబర్న్ రూపొందించిన కొత్త ఆర్‌సీ వ్యవస్థ 2000లో నెట్‌బీఎస్‌డీ 1.5తో వచ్చింది. ప్రతి స్క్రిప్టూ తాను ఇచ్చేదేమిటో, తనకు ముందుగా కావలసినదేమిటో మొదట్లోనే వ్యాఖ్యల రూపంలో చెబుతుంది. ఆర్‌సీఆర్డర్ అనే టూల్ అవన్నీ చదివి వరుస తేలుస్తుంది. ఫ్రీబీఎస్‌డీ 2003లో 5.0తో దీన్ని తీసుకుంది. లినక్స్ స్టాండర్డ్ బేస్ కూడా ఇలాంటి శీర్షికలనే నిర్ణయించింది. 2011లో వచ్చిన డెబియన్ 6.0 ఇన్‌సర్వ్ అనే టూల్‌తో వాటినిబట్టి వరుస లెక్కగట్టింది. గెంటూలో పుట్టి ఇప్పుడు ఆల్పైన్ లినక్స్‌లో కూడా ఉన్న ఓపెన్ఆర్‌సీ ఇదే ఆలోచనను ఇంకాస్త చక్కగా అమలు చేసింది. పాత షెల్ స్క్రిప్టులను పూర్తిగా వదలకుండానే వరుస సమస్యను తీర్చవచ్చని ఇవన్నీ రుజువు చేశాయి. ముందు చెప్పుకోబోయే సిస్టమ్‌డీ రాక మునుపు లినక్స్ లోకమంతా రెండంకెల సంఖ్యలతో అవస్థ పడుతూనే ఉందన్న ప్రచారం సగమే నిజం.

మొదలుపెట్టడం ఒకటి, కాపలా కాయడం ఒకటి

పాత పద్ధతిలో స్క్రిప్టు సర్వీసును మొదలుపెట్టి తప్పుకుంటుంది. సర్వీసు తన ప్రాసెస్ నంబరును ఒక ఫైలులో రాసి నేపథ్యంలోకి వెళ్లిపోతుంది. రాత్రి రెండు గంటలకు అది చనిపోతే ఎవరికీ తెలియదు. దాన్ని ఆపమంటే స్క్రిప్టు ఆ ఫైలు చదివి, అందులో ఉన్న నంబరు మీద సిగ్నల్ వేస్తుంది. ఈలోపు ఆ నంబరు వేరే ప్రాసెస్‌కు దక్కి ఉంటే దెబ్బ దానికి తగులుతుంది.

దీనికి మందు డేనియల్ బెర్న్‌స్టైన్ రాసిన డీమన్‌టూల్స్‌లో ఉంది. సర్వీసు నేపథ్యంలోకి పోదు. ఒక చిన్న కాపలా ప్రోగ్రాము కిందే పనిచేస్తుంది, చనిపోతే ఆ కాపలాదారు వెంటనే మళ్లీ లేపుతుంది. గెరిట్ పాపె రాసిన రన్ఇట్, లోరాన్ బెర్కో రాసిన ఎస్‌సిక్స్ ఈ సంప్రదాయంలోనివే. వాయిడ్ లినక్స్ ఇప్పటికీ రన్ఇట్ మీదే నడుస్తోంది. రన్ఇట్‌లో సర్వీసును ఎనేబుల్ చేయడమంటే ఒక డైరెక్టరీలోకి లింకు పెట్టడం. పెట్టిన కొద్ది సెకన్లలో అది నడుస్తుంది, తీసేస్తే ఆగిపోతుంది. ఇప్పుడు నడవడం, రేపు బూట్‌లో రావడం మామూలుగా ఒకే సంగతి. నడుస్తోంది కానీ రీబూట్ తర్వాత రాదు అనే తేడా ఎక్కడెక్కడో సర్వర్లను కూల్చిందని తెలిసినవాళ్లకు ఈ సరళత విలువ అర్థమవుతుంది.

2005లో రెండు పెద్ద కంపెనీలు ఈ దారిలో ఒక్కో అడుగు వేశాయి. సన్ మైక్రోసిస్టమ్స్ సొలారిస్ 10లో సర్వీస్ మేనేజ్‌మెంట్ ఫెసిలిటీ తెచ్చింది. సర్వీసుల వివరాలు ఎక్స్ఎంఎల్‌లో, ఏది దేని మీద ఆధారపడిందో స్పష్టంగా, ఏది ఎందుకు పడిపోయిందో అడిగితే చెప్పేలా. ఆపిల్ మ్యాక్ ఓఎస్ టెన్ 10.4 టైగర్‌తో లాంచ్‌డీ తెచ్చింది. లాంచ్‌డీలోని ముఖ్యమైన ఆలోచన, వరుసను పట్టించుకోవడమే మానేయడం. సర్వీసు వినాల్సిన సాకెట్‌ను లాంచ్‌డీయే ముందుగా తెరిచి ఉంచుతుంది. ఎవరైనా అటు వస్తే అప్పుడు అసలు సర్వీసును లేపుతుంది. యజమాని ఇంకా రాకపోయినా దుకాణం ముందు ఆర్డరు చీటీలు తీసుకుని పెట్టినట్టు. ఇది పూర్తిగా కొత్తదేమీ కాదు. 4.3బీఎస్‌డీ కాలం నుంచే ఐనెట్‌డీ నెట్‌వర్క్ సర్వీసులకు ఇలాంటి పనే చేసేది. దాన్ని బూట్ మొత్తానికి విస్తరించడమే ఆపిల్ చేసిన పని.

2006 అక్టోబరులో ఉబుంటు 6.10తో స్కాట్ జేమ్స్ రెమ్నంట్ రాసిన అప్‌స్టార్ట్ వచ్చింది. ఇది ఘటనలను బట్టి నడుస్తుంది: ఫలానా ఘటన జరిగితే ఫలానా సర్వీసు లేవాలి. ఫెడోరా 9, రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 6 కూడా దీన్ని వాడాయి. క్రోమ్ ఓఎస్‌లోనూ ఇదే. అయితే మొదటి సంవత్సరాల్లో దీనిలో ఒక సర్వీసు బూట్‌లో వద్దు అని చెప్పడానికి సరైన మార్గమే లేదు. సర్వీసు ఫైలు తెరిచి స్టార్ట్ ఆన్ అనే లైనును కామెంట్ చేయాల్సిందే. మాన్యువల్ అనే ఒక్క మాటతో విడిగా ఓవర్‌రైడ్ ఫైలు రాసే వీలు తర్వాత ఎప్పటికో వచ్చింది. ఎలా మొదలుపెట్టాలన్న దాని మీద అంత తెలివిగా ఆలోచించినవాళ్లు, వద్దనే మనిషిని మరిచిపోయారు. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ఎక్కువగా గుర్తుండే లోపం ఇదే.

సిస్టమ్‌డీ, దాని మీద యుద్ధం

2010 ఏప్రిల్ 30న లెనార్ట్ పోటరింగ్ తన కొత్త ఇనిట్ ఆలోచనను ప్రకటించాడు. కే సీవర్స్ దానిలో తోడు. లాంచ్‌డీ నుంచి సాకెట్ల ఆలోచన, 2008లో కెర్నల్‌లోకి వచ్చిన సీగ్రూపుల సాయంతో ఒక సర్వీసుకు చెందిన ప్రాసెస్‌లన్నిటినీ ఒక్కటిగా పట్టుకోవడం, షెల్ స్క్రిప్టుల స్థానంలో చిన్న యూనిట్ ఫైళ్లు. ఫెడోరా 15 దాన్ని 2011 మేలో డిఫాల్ట్‌గా తీసుకుంది. ఓపెన్‌సూసె, ఆర్చ్ వెంట వచ్చాయి. 2014 జూన్‌లో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7.

అసలు పోరు డెబియన్‌లో జరిగింది. ఎనిమిది మంది సాంకేతిక కమిటీ సిస్టమ్‌డీకి నలుగురు, అప్‌స్టార్ట్‌కు నలుగురుగా చీలింది. 2014 ఫిబ్రవరి 11న అధ్యక్షుడు బీడేల్ గార్బీ నిర్ణాయక ఓటుతో సిస్టమ్‌డీ గెలిచింది. మూడు రోజుల తర్వాత ఉబుంటు వ్యవస్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్ తమ అప్‌స్టార్ట్‌ను పక్కన పెట్టి ఉబుంటు కూడా అదే దారికి వస్తుందని ప్రకటించాడు. ఆ నవంబరులో, ఏ ప్యాకేజీ కూడా ఒకే ఇనిట్ మీద ఆధారపడకూడదన్న కమిటీ సభ్యుడు ఇయన్ జాక్సన్ ప్రతిపాదనతో డెవలపర్లందరి ఓటింగ్ జరిగింది. అసలు తీర్మానమే అక్కర్లేదన్న ఎంపిక గెలిచింది. జాక్సన్ కమిటీ నుంచి తప్పుకున్నాడు. వ్యతిరేకులు దేవువాన్ పేరుతో విడిపోయారు, వాళ్ల 1.0 విడుదల 2017 మేలో వచ్చింది. 2019 డిసెంబరులో మరోసారి ఓటింగ్ జరిగితే, సిస్టమ్‌డీయే ప్రధానం, ప్రత్యామ్నాయాల అన్వేషణకు మద్దతు ఉంటుంది అన్న మధ్యేమార్గం నెగ్గింది.

వ్యతిరేకుల వాదనలు తేలికైనవి కావు. ప్రాసెస్ నంబరు 1 చిన్నదిగా ఉండాలి, అది పడిపోతే మెషినే పడిపోతుంది. లాగ్‌లు, లాగిన్, డీఎన్‌ఎస్, నెట్‌వర్క్ అన్నీ ఒకే ప్రాజెక్టు గొడుగు కిందికి చేరితే, ఒకటి కావాలంటే అన్నీ కావాలన్న పరిస్థితి వస్తుంది. లినక్స్ కెర్నల్‌కే కట్టుబడిన ఇనిట్, బీఎస్‌డీలను బయటికి నెడుతుంది. సమర్థకుల జవాబులూ అంతే బరువైనవి. వందలాది స్క్రిప్టుల్లో అవే తప్పులు మళ్లీ మళ్లీ రాసుకోవడం ఆగింది. సర్వీసు చనిపోతే తెలుస్తోంది. ఒక డిస్ట్రోలో నేర్చుకున్నది ఇంకో డిస్ట్రోలో పనికొస్తోంది. ఈ చివరి మాటను కొత్తగా అడ్మిన్ పనిలోకి వచ్చేవాళ్ల వైపు నుంచి చూస్తే కొట్టిపారేయలేం.

2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో దాచిన బ్యాక్‌డోర్‌ను (దొంగదారిని) ఆండ్రెస్ ఫ్రాయండ్ బయటపెట్టినప్పుడు పాత గాయం మళ్లీ రేగింది. సర్వీసు సిద్ధమైందని సిస్టమ్‌డీకి కబురు పంపడం కోసం కొన్ని డిస్ట్రోలు ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌కు లిబ్‌సిస్టమ్‌డీని తగిలించాయి. ఆ లైబ్రరీ వెంట ఎక్స్‌జెడ్ లైబ్రరీ వచ్చింది, దానిలో బ్యాక్‌డోర్ ఉంది. చూశారా, చెప్పాం కదా అన్నారు ఒక పక్షం. ఆ కబురు ఒక సాకెట్‌కు పంపే చిన్న సందేశమే, దానికి లైబ్రరీయే అక్కర్లేదు అన్నారు రెండో పక్షం. రెండూ నిజమే. అదే సంవత్సరం జూలైలో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.8 ఆ సందేశాన్ని తానే పంపడం మొదలుపెట్టింది.

బూట్ సెట్టింగు విషయంలో సిస్టమ్‌డీ తెచ్చిన మేలు వేరే చోట ఉంది, దాని గురించి పెద్దగా మాట్లాడుకోలేదు. ప్యాకేజీ తన యూనిట్ ఫైలును యూఎస్ఆర్ డైరెక్టరీ కింద పెడుతుంది. సొంతదారు నిర్ణయం ఈటీసీ కింద ఉంటుంది. రెండూ ఎదురుపడితే ఈటీసీదే పైచేయి. అప్‌గ్రేడ్ వచ్చి సొంతదారు మాటను చెరిపేయడం ఇక్కడ చాలా తక్కువ. ఎనేబుల్ చేయడమంటే ఇక్కడా చివరికి లింకు పెట్టడమే: మల్టీ-యూజర్ టార్గెట్ (పాత రన్‌లెవల్ 3 లాంటి స్థితి) కోరే సర్వీసుల డైరెక్టరీలో ఒక లింకు. సిస్టమ్ ఫైవ్‌ను తిట్టుకుంటూ వచ్చినవాళ్లు దానిలోని మంచి ఆలోచనను నిలుపుకున్నారు. పాత స్క్రిప్టుల మద్దతు మాత్రం 2023లో వీడ్కోలు జాబితాలో చేరింది.

ఈ ఓటింగుల్లో ఒక్కదానిలోనూ, ఇన్‌స్టాల్ చేయగానే సర్వీసు మొదలవ్వాలా అన్న ప్రశ్న బ్యాలట్ మీదికి రాలేదు.

ఇన్‌స్టాల్ చేయగానే లేవాలా?

ఇక్కడ రెండు స్పష్టమైన సంప్రదాయాలున్నాయి. డెబియన్, ఉబుంటుల్లో సర్వర్ ప్యాకేజీ పెడితే అది అప్పుడే మొదలవుతుంది, ప్రతి బూట్‌లోనూ వస్తుంది. ఫెడోరాలో, దాని బాటలో నడిచే రెడ్ హ్యాట్‌లో ప్యాకేజీ వచ్చి ఊరుకుంటుంది. ఎనేబుల్ చేయమని మనం చెప్పాలి. ఫెడోరాలో ఈ నియమం ప్రీసెట్ ఫైళ్లలో ఉంటుంది: చివరి ఫైలు అన్నిటినీ డిసేబుల్ అంటుంది, దాని ముందున్న ఫైలు మినహాయింపులను పేరుపేరునా చెబుతుంది. చేత్తో కాన్ఫిగర్ చేయనక్కర్లేనిదై, బయటి మెషిన్ల నుంచి వచ్చే కనెక్షన్లను విననిదైతేనే డిఫాల్ట్‌గా లేవవచ్చన్నది అక్కడి కొలమానం.

డెబియన్ వాదన ఇది. సర్వర్ పెట్టుకున్నవాడికి అది నడవాలనే ఉంటుంది కదా. ప్యాకేజీ తయారుచేసేవారు జాగ్రత్తైన కాన్ఫిగరేషన్‌తోనే ఇస్తారు. పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేస్ మొదట ఆ మెషిన్ లోపలి నుంచి వచ్చే కనెక్షన్లనే వింటుంది. నేర్చుకునేవాళ్లకు ఒక్క కమాండుతో పని అవుతుంది.

ఎదుటి వాదన ప్యాకేజీ మనం కోరి పెట్టిందే కానక్కర్లేదన్న దగ్గర మొదలవుతుంది. మరోదాని ఆధారంగా కూడా రావచ్చు. ఇన్‌స్టాల్‌కూ కాన్ఫిగర్ చేయడానికీ మధ్య కొన్ని నిమిషాలైనా అది ఎవరో పెట్టిన సెట్టింగులతో నడుస్తుంది. అపాచీ వెబ్ సర్వర్ నడుస్తున్న మెషిన్‌లో ఎంజిన్ఎక్స్ అనే మరో వెబ్ సర్వర్ పెడితే రెండూ పోర్టు 80 కోసం పోటీపడతాయి. ఒకప్పుడు దానివల్ల ఇన్‌స్టలేషనే సగంలో ఆగిపోయేది. పోర్టు ఖాళీగా లేకపోతే మొదలుపెట్టే ప్రయత్నమే చేయకుండా ప్యాకేజీని తర్వాత సరిదిద్దారు. డెబియన్‌లోనే దీనికి ఒక విరుగుడు ఉంది: పాలసీ-ఆర్‌సీ-డాట్-డీ అనే చిన్న స్క్రిప్టు 101 అనే సంఖ్యను తిరిగిస్తే ఏ ప్యాకేజీ కూడా సర్వీసును మొదలుపెట్టదు. డాకర్ కోసం తయారయ్యే డెబియన్ ఇమేజ్‌లలో సరిగ్గా ఇదే పెడతారు. డిఫాల్ట్‌ను తిప్పికొట్టే స్క్రిప్టు అంత విరివిగా వాడాల్సి వస్తోందంటే, ఆ డిఫాల్ట్ మీదే అనుమానం రావాలి.

ఇది రుచుల తేడా మాత్రమే కాదని చరిత్ర చెబుతుంది. 2001 జనవరిలో రామెన్ వార్మ్ రెడ్ హ్యాట్ 6.2, 7.0 మెషిన్ల మీద ఎఫ్‌టీపీ, ఎన్ఎఫ్ఎస్, ప్రింటింగ్ సర్వీసుల్లోని లోపాల ద్వారా పాకింది. అదే ఏడాది జూలైలో కోడ్ రెడ్, విండోస్ 2000 సర్వర్‌తో పాటే వచ్చే ఐఐఎస్ వెబ్ సర్వర్ మీద పడి ఒక్క రోజులోపు 3,59,000 మెషిన్లకు సోకింది. 2003 జనవరి 25న ఎస్‌క్యూఎల్ స్లామర్ లోపమున్న మెషిన్లలో 90 శాతాన్ని సుమారు పది నిమిషాల్లో పట్టుకుంది. ఆ లోపానికి మందు ఆరు నెలల ముందే విడుదలైంది. కానీ వేరే సాఫ్ట్‌వేర్లలో ఇమిడి వచ్చిన డేటాబేస్ ఇంజన్ తమ దగ్గర నడుస్తోందనే చాలామందికి తెలియదు. నడుస్తున్నట్టు తెలియనిదాన్ని ఎవరు ప్యాచ్ చేస్తారు?

దెబ్బలు తిన్నాక మైక్రోసాఫ్ట్ మారింది. విండోస్ సర్వర్ 2003 చాలా ఎడిషన్లలో ఐఐఎస్ అడిగితేనే వచ్చేది. 2004 ఆగస్టు నాటి ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్ మెసెంజర్ సర్వీసును డిసేబుల్ చేసి, ఫైర్‌వాల్‌ను ఆన్ చేసింది. అయినా పూర్తిగా కాదు. 2021లో ప్రింట్‌నైట్‌మేర్ అనే లోపం బయటపడినప్పుడు, ఎప్పుడూ ఒక్క కాగితం కూడా ప్రింట్ చేయని డొమైన్ కంట్రోలర్లలో సైతం ప్రింట్ స్పూలర్ నడుస్తోంది. దాన్ని ఆపేయమని అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా చెప్పాల్సి వచ్చింది. లినక్స్‌వాళ్లు దీన్ని చూసి గర్వపడే వీల్లేదు. 2024 సెప్టెంబరులో కప్స్-బ్రౌజ్డ్ అనే ప్రింటర్లు వెతికే సర్వీసు యూడీపీ పోర్టు 631 మీద ఎవరు పలకరించినా నమ్ముతోందని తేలింది.

ఓపెన్‌బీఎస్‌డీ ఈ ప్రశ్నకు చాలాకాలంగా ఒకే జవాబు ఇస్తోంది: అత్యవసరం కాని సర్వీసు కోరనిదే లేవదు. దాని భద్రతా పేరులో కోడ్ ఆడిట్‌కు ఎంత వాటా ఉందో, ఈ నియమానికీ దాదాపు అంత వాటా ఉందని నా అభిప్రాయం.

ఒకే బటన్, వేరు వేరు ఫలితాలు

ఎనేబుల్, డిసేబుల్ అన్నవి అన్ని చోట్లా ఒకే పని చేస్తాయనుకోవడం రోజువారీ తప్పులకు మూలం. పక్కపక్కన పెట్టి చూడండి. సొలారిస్‌లో ఎనేబుల్ అంటే ఇప్పుడూ మొదలవుతుంది, ఇకపైనా వస్తుంది. సిస్టమ్‌డీలో ఎనేబుల్ అంటే వచ్చే బూట్ నుంచే. ఇప్పుడు కూడా కావాలంటే నౌ అని చేర్చాలి. ఫ్రీబీఎస్‌డీలో బూట్ సెట్టింగు ముట్టుకోకుండా ఒక్కసారి నడపడానికి వన్‌స్టార్ట్ ఉంది.

డిసేబుల్ దగ్గర తేడా ఇంకా ప్రమాదకరం. విండోస్‌లో డిసేబుల్ చేసిన సర్వీసును చేత్తో కూడా మొదలుపెట్టలేం. మాన్యువల్ అంటే మనిషో, ఇంకో సర్వీసో, విండోస్ 7 నుంచి వచ్చిన ట్రిగ్గరో లేపవచ్చు. సిస్టమ్‌డీలో డిసేబుల్ అంటే బూట్ లింకు తీసేయడం మాత్రమే. మరో సర్వీసు కోరినా, దాని సాకెట్ మీద ఎవరైనా తట్టినా అది లేస్తుంది. ఎవరు పిలిచినా రాకూడదంటే మాస్క్ చేయాలి, అప్పుడు యూనిట్ పేరు డెవ్ నల్ అనే శూన్య ఫైలుకు లింకవుతుంది. ప్రింటింగ్ ఆపేశాననుకున్న మనిషికి కాసేపటికి అది మళ్లీ నడుస్తూ కనిపించడానికి కారణం ఇదే. ఉబుంటు 22.10 ఎస్‌ఎస్‌హెచ్‌ను కూడా సాకెట్ పద్ధతికి మార్చాక, సర్వీసు ఆగి ఉంది కాబట్టి తలుపు మూసి ఉందన్న పాత లెక్క పనిచేయడం మానేసింది.

తేలనివి

సాకెట్లు, ట్రిగ్గర్లు వచ్చాక బూట్‌లో లేవడం అన్న ప్రశ్నే కరిగిపోతోందని ఒక పక్షం అంటుంది. అన్నీ అవసరమైనప్పుడే లేస్తే జాబితా ఎందుకు? ఈ వాదన బూట్ వేగానికి సరిపోతుంది, భద్రతకు సరిపోదు. పోర్టు తెరిచి ఉన్నంతకాలం బయటివాడికి సర్వీసు ఉన్నట్టే లెక్క. అప్పుడు ఆడిట్ చేయాల్సింది సర్వీసుల జాబితా మాత్రమే కాదు, వాటిని లేపగల దారులన్నిటి జాబితా. దాన్ని ఒక్క చూపులో చూపించే టూల్ ఇంకా సరిగా లేదు.

రెండో చిక్కు, సొంతదారు ఎవరన్నది. క్లౌడ్ ఇమేజ్‌లలో ఏవి లేవాలో ఇమేజ్ తయారైన రోజే ఖాయమైపోతుంది, దాన్ని నడిపేవాళ్లు ఆ జాబితాను చూడకుండానే వేల సంఖ్యలో లేపుతారు. నిక్స్ఓఎస్ దీనికి ఒక జవాబు ఇస్తోంది: మెషిన్ మొత్తాన్ని ఒక కాన్ఫిగరేషన్‌లో ప్రకటించడం, అందులో లేని సర్వీసు తర్వాతి బిల్డ్‌లో మాయం కావడం. ఒక విధంగా ఇది పాత ఆర్‌సీ ఫైలు వైపు తిరిగి రావడమే. దాని భాష నేర్చుకోవడం కష్టమన్న ఫిర్యాదు నిజమే, అయినా మూడో ప్రశ్నకు ఇంత నిజాయితీగా జవాబిచ్చిన కొత్త వ్యవస్థ ఇంకొకటి నాకు కనబడలేదు.

సాధారణ యూజర్ల విషయం మూడోది. విండోస్ 8 టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్ పెట్టింది. మ్యాక్ ఓఎస్ వెంచురా 2022 నుంచి, ఏదైనా యాప్ నేపథ్యంలో నడిచే దాన్ని చేర్చితే నోటిఫికేషన్ ఇస్తోంది. ఆండ్రాయిడ్‌లో మాత్రం బూట్ అయ్యాక లేవడానికి యాప్ కోరే అనుమతిని యూజర్‌ను అడగరు. షావోమీ వంటి కంపెనీలు తమ సొంత ఆటోస్టార్ట్ జాబితా పెట్టుకున్నాయి. చేతిలో ఫోనే కంప్యూటర్ అయిన కోట్ల మందికి ఈ చర్చ ఇంకా చేరనే లేదు.

ఇన్ని పక్షాలను తూచి చూశాక ఈ వ్యాసకర్త వైఖరి దాచుకోవలసింది కాదు. వరుస విషయంలో, కాపలా విషయంలో సిస్టమ్‌డీ, ఎస్‌సిక్స్, ఓపెన్ఆర్‌సీల్లో ఏది వాడినా నష్టం లేదు. అది అవసరాన్ని బట్టి, అలవాటును బట్టి తేల్చుకోవచ్చు. మూడో ప్రశ్నకు మాత్రం ఒకటే సరైన జవాబు. బయటి నెట్‌వర్క్‌ను వినే ఏ సర్వీసూ సొంతదారు చెప్పనిదే లేవకూడదు. డెబియన్ తన డిఫాల్ట్‌ను ఈ మేరకైనా మార్చుకోవాలి. అంతదాకా, మినహాయింపు ఇచ్చిన ప్రతి సర్వీసు పక్కనా ఎందుకిచ్చారో ఒక్క లైను రాయాలి. ఫెడోరా ప్రీసెట్ ఫైలులో చాలా పేర్ల పైన ఆ నిర్ణయం జరిగిన చర్చకు చిరునామా ఇప్పటికే ఉంది, కాబట్టి ఇది కుదరని పనేమీ కాదు. పాఠకులు కూడా ఈ వారమే తమ మెషిన్‌లో ఎనేబుల్ అయి ఉన్న సర్వీసుల జాబితా తెరవాలి. అందులో ఎందుకుందో తెలియని పేరు కనబడితే, దాన్ని ప్యాకేజీ చేసినవారికి బగ్ రిపోర్టు రాసి కారణం అడగండి.